ఊదా రంగు బీచ్ కంచె వరంగల్‌లో పెరుగుతుందా?

ప్రశ్న ఇది: హనుమకొండలో ఇల్లు, పడమర ముఖం, ముందు 60 అడుగుల పొడవున ఖాళీ జాగా. ఎర్ర చెల్క నేల, బోరు నీళ్లు. ఇంగ్లండ్‌లో కూతురు ఉండే వీధిలో గోడ కట్టినట్టు కత్తిరించిన ఊదా రంగు ఆకుల కంచెలు చూశారు. అవి పర్పుల్ బీచ్ (beech) అనే చెట్లని తెలిసింది. గింజలు తెచ్చి నాటితే ఇక్కడ అలాంటి కంచె వస్తుందా అని అడిగారు.

నేరుగా చెప్పాలంటే రాదు. గింజ మొలవడమే కష్టం. మొలిచినా మొదటి ఎండాకాలం దాటదు. అయితే మీకు నచ్చింది ఆ చెట్టు పేరు కాదు గదా, నేల నుంచి పై దాకా సందు లేకుండా నిలబడ్డ ముదురు రంగు ఆకుల గోడ. అది మన దగ్గర వస్తుంది. మీ పడమటి ఎండకు ముదురు రాగి రంగు అకాలిఫా, ఇంటి నీడ పడే వైపు ఊదా రంగు సూడరాంథిమం వేసుకోండి. రెండేళ్లలో మూడున్నర నాలుగు అడుగుల కంచె నిలుస్తుంది. ఎలాగో వివరంగా రాస్తాను. ముందు బీచ్ ఎందుకు కుదరదో తెలుసుకుంటే మంచిది, ఎందుకంటే ఆ కారణాల్లో కొన్ని మీరు వేయబోయే మొక్కకూ వర్తిస్తాయి.

బీచ్ యూరప్ అడవుల చెట్టు, శాస్త్రీయ నామం ఫాగస్ సిల్వాటికా. ఊదా రంగుది అందులోనే ఒక రకం. ఆకులోని పచ్చదనాన్ని ఆంథోసయనిన్ అనే ఎర్ర వర్ణకం కప్పేస్తుంది కాబట్టి ఆ రంగు. శీతాకాలంలో అది నిద్రపోతుంది. మళ్లీ మొగ్గ విచ్చుకోవాలంటే నెలల తరబడి చలి తగలాలి, ఆ తర్వాత పగటి పొడవు పెరగాలి. వరంగల్‌లో జనవరి రాత్రి 13, 14 డిగ్రీలకు దిగినా మధ్యాహ్నానికి మళ్లీ 30కి చేరుతుంది. ఆ చెట్టు లెక్కలో అది చలికాలమే కాదు. లంబసింగి చలి అయినా దానికి చాలదు, కావలసింది నాలుగు రాత్రుల మంచు కాదు. గింజకూ ఇదే నియమం: తడి ఇసుకలో పెట్టి ఫ్రిజ్‌లో ఉండేంత చలిలో కొన్ని నెలలు ఉంచితేనే నిద్ర లేస్తుంది.

ఇక ఎండ సంగతి. బీచ్ వేర్లు పైపైనే పరుచుకుంటాయి, నేల ఎండితే తట్టుకోవు. 2018లో మధ్య యూరప్‌లో వచ్చిన ఎండకూ కరువుకూ అక్కడి అడవుల్లోనే పెద్ద పెద్ద బీచ్ చెట్లు తలల నుంచి ఎండిపోయాయి. మన రోహిణి కార్తె 44 డిగ్రీలు, అర్ధరాత్రి కూడా 30 దగ్గర ఉండే వేడి, దానికి ఊహకు అందనివి. షేడ్‌నెట్ కట్టినా రాత్రి వేడిని తగ్గించలేం.

ఇంకొక మాట. విదేశం నుంచి గింజలు, మొక్కలు పెట్టెలో పెట్టుకుని రాకూడదు. 2003 నాటి మొక్కల క్వారంటైన్ ఉత్తర్వు ప్రకారం దిగుమతి అనుమతి పత్రం, మొక్కకు తెగుళ్లు లేవని ఆ దేశం ఇచ్చే ఫైటోశానిటరీ సర్టిఫికెట్ రెండూ ఉండాలి. కొత్త తెగుళ్లు మన పంటల మీదికి రాకుండా పెట్టిన నియమం అది, పాటించండి.

అక్కడి కంచె అంత ఒత్తుగా ఎందుకుంటుందో చూస్తే మనకు పనికొచ్చే పాఠాలు రెండున్నాయి. ఒకటి, వాళ్లు మీటరుకు మూడు నుంచి ఐదు మొక్కలు నాటుతారు, ఏటా ఆగస్టులో తప్పకుండా కత్తిరిస్తారు. స్కాట్లండ్‌లోని మైకిల్అవర్ దగ్గర 1745లో నాటిన బీచ్ కంచె 530 మీటర్ల పొడవు, 30 మీటర్ల ఎత్తున ఇవాళ్టికీ నిలబడి ఉంది. అది పచ్చ రకమే గానీ, దగ్గరగా నాటి వదలకుండా కత్తిరిస్తే చెట్టు కూడా గోడ అవుతుందని చూపిస్తుంది. రెండు, ఊదా బీచ్‌ను గింజ నుంచి పెంచితే అన్నీ ఒకే రంగులో రావు. కొన్ని ముదురు, కొన్ని వెలిసిన ఎరుపు, కొన్ని పచ్చ. మన కంచెకూ ఇదే ముఖ్యం: మొక్కలన్నీ ఒకే తల్లి మొక్క కొమ్మల నుంచి రావాలి.

ఏ మొక్క ఎక్కడ

అకాలిఫా విల్కేసియానా. నర్సరీలో అకాలిఫా అంటే చాలు, కాకపోతే అందులో పసుపు అంచుది, గులాబీ మచ్చలది, పచ్చది ఇలా డజను రకాలు చూపిస్తారు. మీరు అడగాల్సింది మచ్చలు లేని ముదురు రాగి, వంకాయ రంగు కలిసిన రకం. వీలైతే ఆకు చిన్నగా ఉండేది తీసుకోండి. అరచేయంత ఆకు ఉన్న రకం కత్తిరిస్తే గోడలా కనిపించదు, చింపిరిగా ఉంటుంది. మన ఎండను తట్టుకునే ఎర్రాకు మొక్కల్లో కంచెకు ఇంత బాగా లొంగేది నా దృష్టిలో మరొకటి లేదు. పూర్తి ఎండలోనే రంగు. నీడలో పెడితే ఆకు ఆకుపచ్చ, మట్టి రంగు కలిసినట్టు అయిపోతుంది.

సూడరాంథిమం అట్రోపర్‌ప్యూరియం. నిగనిగలాడే ముదురు ఊదా ఆకు. రంగులో బీచ్‌కు అకాలిఫా కన్నా ఇదే దగ్గర. కానీ పడమటి ఎండ దీనికి పడదు, ఏప్రిల్‌లో ఆకు అంచులు కాలిపోతాయి. తూర్పు వైపు, ఉత్తరం వైపు, లేదా చెట్టు నీడ జల్లెడ పట్టినట్టు పడే చోట పెట్టండి. మొక్కకూ మొక్కకూ అడుగు దూరం. ఎత్తు మూడు అడుగుల దగ్గర ఆపితే ఒత్తుగా ఉంటుంది.

నర్సరీవాళ్లు ఇంకో మూడు చూపించవచ్చు. లోరోపెటాలం చూడటానికి అచ్చం బీచ్ కంచె బిడ్డలా ఉంటుంది. కానీ దానికి ఆమ్ల గుణం ఉన్న నేల కావాలి. మన బోరు నీళ్ల సున్నానికి రెండో ఏడే ఆకు పసుపెక్కి, మే ఎండకు కొసలు మాడతాయి. కుండీలో వాన నీళ్లతో పెంచుకునేవాళ్లకు సరే, 60 అడుగుల కంచెకు వద్దు. యుఫోర్బియా కోటినిఫోలియా ద్రాక్ష రసం రంగులో అద్భుతంగా ఉంటుంది, ఎండకు జంకదు. కానీ దాని పాలు కంట్లో పడితే చూపుకే ప్రమాదం, చర్మం మీద బొబ్బలెక్కుతుంది. కంచె అంటే ఏడాదికి ఐదారు సార్లు కత్తిరించేది, కత్తిరించిన ప్రతిసారీ పాలు చిమ్ముతుంది. పిల్లలు తిరిగే ఇంటికి, కూలీలతో పని చేయించే ఇంటికి అది వద్దని గట్టిగా చెబుతాను. ఎర్ర ఆల్టర్నాంథెరా అడుగు ఎత్తు అంచుకే పనికొస్తుంది, కంచె కాదు.

మీ 60 అడుగులకు లెక్క

ఒకే వరుస, అడుగున్నర దూరం. 41 మొక్కలు పడతాయి. 46 తెచ్చుకోండి, మిగిలిన ఐదు పక్కన కుండీల్లో పెంచితే చచ్చిన చోట అదే వయసు మొక్క పెట్టుకోవచ్చు. రెండు వరుసలు వేయమని కొందరు చెబుతారు. వెడల్పు నాలుగు అడుగులు వదలగలిగితేనే వేయండి, లేదంటే లోపలి వరుసకు గాలి ఆడక పిండినల్లి అక్కడే కాపురం పెడుతుంది.

కాంపౌండ్ గోడకు రెండున్నర అడుగులు వదిలి వరుస గీత గీయండి. గోడను ఆనుకుని నాటితే గోడ వేడి కొడుతుంది, వెనక వైపు కత్తిరించడానికి చేయి పట్టదు. పైగా గోడ కట్టినప్పుడు పడిన సిమెంటు, సున్నం, ఇటుక ముక్కలు ఆ అంచులోనే పూడి ఉంటాయి. కొత్త కాలనీల్లో కంచె ఒక చోట బాగుండి మరో చోట పసుపెక్కిందంటే, తవ్వి చూస్తే చాలాసార్లు అక్కడ కాంక్రీటు కలిపిన చోటు బయటపడుతుంది. ఆ మట్టిని తీసి పారేయాల్సిందే, మందులు వేస్తే బాగుపడదు.

విడి గుంతలు కాదు, అడుగున్నర వెడల్పు, అడుగున్నర లోతున ఒకే కాలువ తవ్వించండి. విడి గుంతలో వేరు గుంత గోడ దగ్గరే చుట్టుకుంటుంది. కాలువలో అయితే పొడవునా పరుచుకుని మొక్కలన్నీ సమంగా ఎదుగుతాయి. కాలువ అంతా కలిపి దాదాపు 135 ఘనపుటడుగులు. మీ చెల్క మట్టి రెండు పాళ్లు, బాగా మాగిన పెంట ఒక పాలు. అంటే ట్రాక్టర్ ట్రాలీలో దాదాపు సగం. దానికి ఐదు కిలోల వేపపిండి, మూడు కిలోల సింగిల్ సూపర్ ఫాస్ఫేట్ కలపండి. పెంట పచ్చిగా ఉంటే చెదలు, వేరు పురుగు రెండూ వస్తాయి. చేతిలోకి తీసుకుంటే పేడ వాసన కాకుండా వాన మట్టి వాసన రావాలి.

అడుగున మొరం గట్టిగా తగిలితే గడ్డపారతో పగలగొట్టించండి. మొరం పైన నీళ్లు నిలిచి, ఆగస్టులో వేరు కుళ్లుతుంది.

నల్ల రేగడి ఉన్నవాళ్లు ఇది చదువుతుంటే, కాలువ తవ్వొద్దు. రేగడిలో కాలువ తవ్వి మెత్తటి మట్టి నింపితే అది వానాకాలంలో నీటి తొట్టి అవుతుంది. కొంచెం ఇసుక కలపడం వల్ల కూడా లాభం లేదు. నేల మీదనే అడుగు ఎత్తు, మూడు అడుగుల వెడల్పు గట్టు పోసి దాని మీద నాటండి. ఎండాకాలంలో నెర్రెలు పడితే వేర్లు తెగుతాయి కాబట్టి గట్టు మీద ఆకుల కప్పు తప్పనిసరి.

నాటడం, నీళ్లు

మృగశిర తర్వాత రెండు మంచి వానలు పడ్డాక నాటండి, అంటే జూన్ చివర నుంచి జూలై దాకా. నాటే ముందు కాలువను రెండు సార్లు నీళ్లతో నింపి మట్టి దిగనివ్వండి. లేదంటే నాటాక నేల కుంగి మొక్క గుంతలో కూర్చుంటుంది. కవరు చింపి తీసేసి, అడుగున చుట్టుకున్న వేర్లను వేళ్లతో విడదీయండి. కవరులో ఎంత లోతున ఉందో అంతే లోతు.

నీటికి 16 మి.మీ. పైపు, ప్రతి మొక్క దగ్గర గంటకు 4 లీటర్ల డ్రిప్పర్ ఒకటి. వానాకాలంలో వారం రోజులు వాన లేకపోతేనే. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా మూడు రోజులకోసారి గంటసేపు. మార్చిలో రోజు విడిచి రోజు, ఏప్రిల్, మేలో రోజూ గంట. ఇది చెల్క నేల లెక్క. రేగడిలో ఇందులో సగం సార్లే, కానీ ఒక్కోసారి రెండు గంటలు. వరి గడ్డి, ఎండుటాకులు, వేరుశనగ పొట్టు ఏది దొరికితే అది మూడు అంగుళాల మందం కప్పండి, కానీ కాండానికి నాలుగు వేళ్ల దూరంలో ఆపండి. ఎర్ర నేలలో గడ్డి కాండానికి తగిలితే చెదలు నేరుగా బెరడు మీదికి ఎక్కుతాయి.

మీ ముందు భాగం పడమర కాబట్టి ఇది గుర్తుంచుకోండి: ఏప్రిల్, మే మధ్యాహ్నం రెండింటికి అకాలిఫా ఆకులు వేలాడేస్తుంది. అది చూసి వెంటనే నీళ్లు పెట్టకండి. పొడవాటి స్క్రూడ్రైవర్ ఒకటి మట్టిలోకి ఆరు అంగుళాలు దించి తీయండి. తడి మట్టి అంటుకుంటే నీళ్లున్నట్టే, వేడికి ఆకు తనను తాను కాపాడుకుంటోంది, సాయంత్రం ఆరింటికి మళ్లీ నిలబడుతుంది. పొద్దున ఏడింటికి కూడా వాలి ఉంటేనే నీటి కొరత, లేదా వేరు కుళ్లు. వాలిన ఆకు చూసి రోజూ రెండు పూటలా పైపు పెట్టి తడిపే ఇళ్లలో కంచె చచ్చేది ఎండకు కాదు, ఆ నీళ్లకే.

కత్తిరింపు: కంచె తయారయ్యేది ఇక్కడే

కంచె పాడైందని నన్ను పిలిచిన ఇళ్లలో ఎక్కువ చోట్ల తప్పు ఒక్కటే. మూడు నాలుగు అడుగుల ఎత్తు వచ్చేదాకా ముట్టుకోకుండా వదిలేసి, అప్పుడు తల కొట్టడం. అప్పటికే కింద కొమ్మలు రావు. పైన గొడుగు, కింద కట్టెలు మిగులుతాయి. ఎన్ని ఎరువులు వేసినా ఆ కట్టెలకు ఆకు రాదు.

నాటిన పది, పదిహేను రోజులకు కొత్త చిగురు కదలగానే ప్రతి మొక్కనూ నేల నుంచి ఎనిమిది అంగుళాల దగ్గర కోసేయండి. రెండు అడుగుల మొక్క కొని ఇలా కోయడానికి మనసొప్పదు. కానీ ఆ కోత కిందనుంచే నాలుగైదు కొమ్మలు వస్తాయి. ఆ కొమ్మలు ఎనిమిది అంగుళాలు పెరిగాక సగానికి, మళ్లీ పెరిగాక మళ్లీ సగానికి. మొదటి ఏడాదిలో ఇలా మూడు నాలుగు సార్లు. డిసెంబరుకు కంచె అడుగున్నర ఎత్తే ఉంటుంది, కానీ అవతలి మనిషి కాళ్లు కనపడనంత ఒత్తుగా ఉంటుంది. ఎత్తు రెండో ఏడాది దానంతట అదే వస్తుంది.

ఆకారం: కింద రెండున్నర అడుగులు, పైన ఒకటిన్నర. వాలు కంటికి కనపడీ కనపడనట్టు ఉంటే చాలు. పై భాగం వెడల్పయితే కింద ఆకుకు ఎండ తగలక, ముందు రంగు పోతుంది, తర్వాత ఆకే పోతుంది. ఊదా, ఎర్ర ఆకుల కంచెకు ఈ వాలు పచ్చ కంచె కన్నా ఎక్కువ అవసరం, ఎందుకంటే నీడ పడిన ఆకు బతికున్నా పచ్చబడి కంచె కింది సగం వేరే మొక్కలా కనిపిస్తుంది. సరళ రేఖ కావాలంటే రెండు చివర్ల కట్టెలు పాతి కొబ్బరి తాడు లాగి కట్టండి. కంటి అంచనాతో 60 అడుగులు ఎవరికీ సరిగా రాదు.

అకాలిఫా ఆకు పెద్దది కాబట్టి పొడవాటి కత్తెరతో కొడితే ఆకులు సగానికి తెగి, రెండు రోజుల్లో తెగిన అంచులన్నీ గోధుమ రంగుకు మాడి కంచె కాలినట్టు ఉంటుంది. వీధి వైపు ముఖాన్ని చేతి సికేచర్‌తో (కొమ్మలు కోసే చిన్న కత్తెర) కొమ్మ కొమ్మగా కోయించండి. 60 అడుగులకు ఒక మనిషికి పూట పని. వెనక వైపుకు, పైకి పెద్ద కత్తెర చాలు.

ఎప్పుడు: గట్టి కోత జూన్ చివర వానలు పడ్డాక ఒకసారి, సెప్టెంబరు ఆఖరున ఒకసారి. మధ్యలో చిగుళ్లు తుంచడం. జనవరి ఆఖరున తేలిక కోత. ఫిబ్రవరి సగం దాటాక గట్టి కోత వద్దు. లోపల నీడలో ఉన్న లేత బెరడు ఒక్కసారిగా మార్చి ఎండకు బయటపడి పగులుతుంది, కొమ్మ పై నుంచి ఎండుతూ వస్తుంది.

కొన్నిసార్లు ఒక కొమ్మ పచ్చగా తిరగబడుతుంది. దాన్ని మొదలంటా తీసేయండి. వదిలేస్తే అది మిగతావాటి కన్నా వేగంగా పెరిగి మొక్కంతా కమ్ముకుంటుంది.

రంగు తగ్గితే, పురుగు పడితే

రంగు వెలిసిందంటే మొదట నీడ, తర్వాత యూరియా. యూరియా వేసిన అకాలిఫా చకచకా పెరుగుతుంది, ఆకు పెద్దదై పచ్చబడుతుంది, ఆ మెత్తటి చిగురుకే పిండినల్లి పడుతుంది. జూన్‌లో, అక్టోబరులో మొక్కకు రెండు కిలోల పెంట, 100 గ్రాముల వేపపిండి, 20 గ్రాముల సల్ఫేట్ ఆఫ్ పొటాష్ చాలు. మామూలు ఎర్ర పొటాష్‌లో క్లోరైడ్ ఉంటుంది. బోరు నీళ్లే ఉప్పగా ఉన్నచోట అది వద్దు.

ఈనెలు మాత్రం ఆకుపచ్చగా ఉండి మధ్యలో పాలిపోతే ఇనుము లోపం. ఇనుము నేలలో లేక కాదు, సున్నం నీళ్ల వల్ల మొక్కకు అందక. లీటరు నీటికి 5 గ్రాముల అన్నభేది (ఫెర్రస్ సల్ఫేట్), 1 గ్రాము నిమ్మ ఉప్పు (సిట్రిక్ యాసిడ్) కలిపి సాయంత్రం ఆకుల మీద చల్లండి, వారానికోసారి మూడు సార్లు. ఎర్రాకు మొక్కలో ఈ లోపం ఆలస్యంగా కనపడుతుంది, రంగు కప్పేస్తుంది కాబట్టి. అందుకే కొత్త చిగురును వెలుగుకు ఎదురుగా పట్టి చూడండి.

మార్చి నుంచి మే దాకా అసలు శత్రువు ఎర్రనల్లి. ఆకు మీద సూదితో పొడిచినట్టు లేత చుక్కలు, మెరుపు పోయి దుమ్ము పట్టినట్టు ఉండటం, వెనక సన్నటి సాలెగూడు. దుమ్మే అనుకుని చాలామంది వదిలేస్తారు. తెల్ల కాగితం మీద ఆకును దులిపితే కదిలే చుక్కలు కనపడతాయి. వారానికి రెండు సార్లు పొద్దున్నే ఆకు వెనక వైపుకు పైపుతో జోరుగా నీళ్లు కొట్టడమే సగం మందు. ఎక్కువైతే లీటరుకు 5 మి.లీ. వేపనూనె, 1 మి.లీ. సబ్బు నీళ్లు కలిపి సాయంత్రం. నీళ్లలో కరిగే గంధకం మంచి మందే, కానీ 35 డిగ్రీలు దాటిన రోజుల్లో చల్లితే ఆకు మాడుతుంది. సింథటిక్ పైరిథ్రాయిడ్లు, ఇమిడాక్లోప్రిడ్ లాంటి పురుగు మందులు నల్లికి కొట్టొద్దు. నల్లిని తినే పురుగులు చచ్చి నల్లి రెట్టింపవుతుంది.

పిండినల్లికి ముందు చీమల బారు ఆపాలి. పట్టిన కొమ్మ కోసి కవర్లో కట్టి పారేయండి, కోసిన కొమ్మలు కంచె కిందే వేయొద్దు.

కోతుల సంగతి మనకు తెలిసిందే. అకాలిఫా కొమ్మ పెళుసు, గోడ మీది నుంచి దూకితే విరుగుతుంది. కంచె ఎత్తు గోడ కన్నా అడుగు తక్కువ ఉంచితే నష్టం బాగా తగ్గుతుంది. విరిగిన చోట చీల్చినట్టు వదలకుండా నున్నగా కోసేస్తే నెలలో కొత్త కొమ్మలు వస్తాయి.

ఆదిలాబాద్, ఆసిఫాబాద్ వైపు ఉన్నవాళ్లకు: డిసెంబరు, జనవరి రాత్రులు 10 డిగ్రీల లోపుకు దిగితే అకాలిఫా ఆకు రాల్చుతుంది. చావదు. ఆ నెలల్లో కోత, ఎరువు ఆపి నీళ్లు తగ్గించండి, ఫిబ్రవరిలో చిగురిస్తుంది.

ఖర్చు తగ్గించుకోవాలంటే

46 మొక్కలు కొనక్కర్లేదు. రంగు నచ్చిన మంచి మొక్కలు మూడు కొనండి, మూడూ ఒకే రకమని ఆకు పక్కన ఆకు పెట్టి చూసుకోండి. లేదా తెలిసినవాళ్ల కంచె జూన్‌లో కోసేటప్పుడు ఒకే మొక్క నుంచి కొమ్మలు అడగండి. పెన్సిల్ మందం, ఆరు నుంచి ఎనిమిది అంగుళాలు, మూడు నాలుగు కణుపులు. పైన ఒక ఆకు సగం ఉంచి మిగతావి తీసేయండి. కింది కోత కణుపు కిందనే ఉండాలి. ఎర్రమట్టి, ఇసుక, మాగిన ఎరువు సమానంగా కలిపిన కవర్లలో రెండు కణుపులు లోపలికి పోయేలా గుచ్చి, 50 శాతం షేడ్‌నెట్ కింద పెట్టండి. వానాకాలంలో మూడు నాలుగు వారాల్లో వేరు పడుతుంది. నూటికి 80 బతికినా మంచి ఫలితమే, కాబట్టి 60 గుచ్చండి. అవి నేలలోకి వెళ్లేది సెప్టెంబరులో. అలా నాటినవాటికి మొదటి ఎండాకాలం పడమటి వైపు షేడ్‌నెట్ ముక్క ఒకటి నిలువుగా కట్టండి, ఆరుద్ర వానలు పడ్డాక తీసేయవచ్చు.

ఐదారేళ్లకు మొదళ్లు కట్టెబారి కింద ఆకు పలచబడితే పీకేయకండి. జూన్‌లో మొక్క విడిచి మొక్కను అడుగు ఎత్తుకు కోసి, మిగతావాటిని మరుసటి జూన్‌లో కోయండి. అన్నీ ఒకేసారి కోస్తే కొన్ని తిరిగి లేవవు, ఆ ఖాళీలు నింపడం కష్టం.